ఇంటినుండి నర్సుల పై చదువు: దాని మంచి చెడ్డలు

(విశ్వావసు నామ సంవత్సర ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పొద్దున మన ఇండ్లలో ఉగాది పచ్చడి తిన్నాము. పక్కింటి కన్నడ సోదరులు పిలిచి బేవు బెల్లం చేతిలో పెడితే అదీ తిన్నాము. మూడు తరాలుగా హుబ్బళ్ళిలో ఉన్న మనకు చేదూ తీపీ రెండేసి పాళ్ళు అందుతున్నవి. ఇటువంటి పండుగ పూట, కవులూ పండితులూ కూర్చున్న ఈ వేదిక మీద, ఒక రైల్వే గుమాస్తాను మాట్లాడమనడం కార్యవర్గం వారి అభిమానం. మా చదువు మెట్రిక్ దగ్గర ఆగిపోయింది. పెద్ద సంగతులు చెప్పే అర్హత మాకు లేదు. మా ఇంట్లో జరిగినదీ, దాన్ని పట్టుకొని మేము నలుగురిని అడిగి, చదివి తెలుసుకొన్నదీ మాత్రం మీ ముందు పెడతాము. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

గత కార్తీకంలో, అనగా 2024 నవంబరులో, వనభోజనాల నాడు మన సంఘ సభ్యులైన ఒక దంపతులు మమ్మల్ని పక్కకు పిలిచారు. వారి అమ్మాయి అమెరికాలో నర్సు. ఉద్యోగం చేసుకొంటూనే, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చొని నర్సు ప్రాక్టీషనరు చదువు చదువుతానంటున్నది. ఫీజు లక్షలలో ఉన్నది. కట్టవచ్చునా, మానవచ్చునా అని వారి సందేహం. మా చెల్లెలు టెక్సాసులో అదే చదువులో ఉన్నది గనుక మమ్మల్ని అడిగారు. మేము తడుముకోకుండా జవాబు చెప్పాము. "సర్టిఫికెట్టుకు విలువ ఉన్నదా, చివరి పరీక్షకు కూర్చోనిస్తారా, ఈ రెండూ చూసుకోండి. మిగతాది ఎట్లాగో జరిగిపోతుంది" అన్నాము. ఆ జవాబు చాలదని నెల తిరక్కుండానే మాకు తెలిసివచ్చింది. దాన్ని దిద్దుకొనుటకే నేటి ఈ నాలుగు మాటలు. మన వీధుల్లో నర్సు చదివిన ఆడపిల్ల లేని వీధి లేదు గదా. ఈ ప్రశ్న నేడు వారి ఇంటికి వచ్చింది, రేపు మీ ఇంటికి రావచ్చును.

ముందుగా ఈ చదువేమిటో చెప్పాలి. మనకు తెలిసిన నర్సు డాక్టరు వ్రాసిన మందు ఇస్తుంది, సూది వేస్తుంది, రాత్రంతా కనిపెట్టుకొని ఉంటుంది. అమెరికాలో నర్సులు ఆ పైన మరొక మెట్టు చదువుతారు. దానిలో నాలుగు తెగలు ఉన్నవి. రోగిని తానే పరీక్షించి, రోగమేమిటో తేల్చి, మందు వ్రాసే నర్సు ప్రాక్టీషనరు ఒకటి. పురుడు పోసే నర్సు మంత్రసాని రెండవది. ఆపరేషనుకు మత్తు ఇచ్చే నర్సు మూడవది. ఒక విభాగంలో ఆరితేరి మిగతా నర్సులకు దారి చూపే నిపుణురాలు నాలుగవది. నర్సు ప్రాక్టీషనర్లే ఆ దేశంలో 3,85,000కు పైగా ఉన్నారు. అక్కడి రాష్ట్రాలలో సగానికి పైగా వీరు డాక్టరు పై సంతకం లేకుండానే వైద్యం చేయవచ్చును. మా చెల్లెలు ఉన్న టెక్సాసులో మాత్రం డాక్టరుతో ఒప్పందం ఉండాలి.

ఈ వృత్తి పుట్టినది 1965లో. కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి దీన్ని మొదలుపెట్టారు. పల్లెల్లో, పేదల వాడల్లో పిల్లలను చూసే డాక్టర్లు లేరు. ఊరి నర్సుకు మరికొంత నేర్పితే ఆ లోటు తీరుతుందని వారి ఆలోచన. ఆ లొరెట్టా ఫోర్డ్ నిండు నూరేళ్ళు దాటి బ్రతికి, 2025 జనవరిలో 104వ ఏట కన్నుమూశారు. నర్సు వైద్యం చేయడమేమిటని మొదట్లో డాక్టర్లే కాక తోటి నర్సులు కూడా ఆక్షేపించారు. తరువాత 2000లో న్యూయార్కులో 1,316 మంది రోగులను కొందరిని డాక్టర్లకు, కొందరిని ఈ నర్సులకు అప్పగించి ఫలితాలు పోల్చి చూశారు. ఆరోగ్యం ఇద్దరి దగ్గరా సమానంగానే ఉన్నదని తేలింది. కాబట్టి బాగా నేర్చుకొన్న నర్సు బాగా చూస్తుందనడంలో సందేహం లేదు. ఆమెకు ఆ నేర్పు ఎట్లా వస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇంట్లో ఉండి చదివే పద్ధతి పనికిరానిదని మేము చెప్పబోవడం లేదు. దానికి గొప్ప ఉదాహరణ ఒకటి ఉన్నది. కెంటకీ రాష్ట్రపు కొండల్లో 1925లో మేరీ బ్రెకిన్రిడ్జ్ అనే ఆమె ఒక నర్సుల సేవాసంస్థ పెట్టింది. ఆ నర్సులు గుర్రాల మీద వాగులు దాటిపోయి పురుళ్ళు పోసేవారు. వారిలో చాలామంది ఇంగ్లండులో చదివి వచ్చినవారు. రెండవ ప్రపంచ యుద్ధం రాగానే వారు స్వదేశం వెళ్ళిపోయారు. చేసేది లేక 1939లో అక్కడే ఒక బడి తెరిచారు. ఆ బడి 1989లో ఒక కొత్త పని చేసింది. పల్లెల్లో ఉన్న నర్సు కాపురం వదిలి, పిల్లలను వదిలి పట్నం వచ్చి చదవలేదు. చదువుకొని పట్నంలోనే స్థిరపడితే ఆ పల్లెకు మళ్ళీ నర్సు లేదు. అందుచేత ఆమెను ఊళ్ళోనే ఉంచి, పాఠాలు ఆమె దగ్గరకు పంపారు. మొదట కొన్ని రోజులు కొండల్లోని హైడెన్ అనే చిన్న ఊరికి రప్పించుకొని, ఒకరి ముఖం ఒకరికి తెలిసేటట్లు చేసేవారు. రోగుల దగ్గర పని మొదలుపెట్టే ముందు మళ్ళీ పిలిపించి, చేయి తిరిగినదో లేదో చూసేవారు. ఆ పిమ్మట ఆమె ఊరిలోనో, పక్క ఊరిలోనో అనుభవం గల ఒకరి పక్కన నిలబెట్టి నేర్పించేవారు. ఇంటర్నెట్టు ఇంటింటికీ రాకముందే ఈ పద్ధతి పాతుకొన్నది. ఆ బడి నేటికీ నడుస్తున్నది.

ఈ కథలో గమనించవలసినది ఒకటి ఉన్నది. పాఠం దూరం నుండి వచ్చింది గాని, నేర్పే మనిషి మాత్రం పక్కనే ఉన్నది. ఈ ఒక్క ముక్క పట్టుకొంటే మిగతా సంగతి సులభంగా అర్థమవుతుంది.

మా చెల్లెలు చదువు మొదలుపెట్టిన కొత్తల్లో మేమంతా సంతోషించాము. ఆమెకు ఇద్దరు పిల్లలు. వారానికి మూడు రాత్రులు ఆస్పత్రిలో పన్నెండు గంటల డ్యూటీ. పగలు పిల్లలు బడికి పోయిన తరువాత కంప్యూటరు తెరిచి పాఠం వినేది. అర్థం కాకపోతే వెనక్కు తిప్పి మళ్ళీ వినేది. శరీరంలో రోగం ఎట్లా పుడుతుంది, మందు ఎట్లా పనిచేస్తుంది, తల నుండి పాదం దాకా ఎట్లా పరీక్షించాలి, ఈ మూడూ ఈ చదువుకు పునాదులట. మొదటి రెండూ క్లాసులో కూర్చొని వినడం కంటే ఇట్లా వినడమే నయమని ఆమె చెప్పేది. క్లాసులో మాష్టరు గారిని నాలుగుసార్లు చెప్పమంటే కసురుకొంటారు గదా. పరీక్షలు కూడా ఊరికే కావు. కెమెరా ఎదుట కూర్చోవాలి, గది నాలుగు మూలలు చూపాలి, మధ్యలో లేవకూడదు. రాత్రి డ్యూటీ చేసే తల్లికి ఈ పద్ధతి లేకపోతే ఈ చదువే లేదు. ఆ మేలు మరువరాదు.

చిక్కు మూడవ పునాది దగ్గర మొదలైంది. పరీక్షించడం చూసి నేర్చుకొనేది కాదు, చేసి నేర్చుకొనేది. అందుకని ఈ చదువులో కొన్ని వందల గంటలు ఆస్పత్రిలోనో, క్లినిక్కులోనో నిజమైన రోగుల దగ్గర గడపాలి. పక్కన ఒక డాక్టరో, అనుభవం గల నర్సు ప్రాక్టీషనరో ఉండి నేర్పాలి. వారిని ప్రిసెప్టరు అంటారు. చాలాకాలం కనీసం 500 గంటలు అని ఉండేది. 2022లో ఆ దేశపు జాతీయ ప్రమాణాలలో దాన్ని 750 చేశారు. మేము గుమాస్తాలం కాబట్టి లెక్క కట్టి చూశాము. రోజుకు ఎనిమిది గంటల డ్యూటీ లెక్కన 500 గంటలంటే 63 రోజులు కూడా లేవు. 750 అంటే 94 రోజులు. మత్తు ఇచ్చే నర్సులకైతే 2,000 గంటలు, 600 కేసులు ఉండాలి. నర్సు ప్రాక్టీషనరుకు ఉన్నవే కొద్ది రోజులు. అందులో పదిహేను రోజులు వృథా అయితే ఎంత నష్టమో మీరే ఆలోచించండి.

బడులు వేలమందిని చేర్చుకొన్నవి. పాఠం ఒకసారి రికార్డు చేస్తే పదిమందికైనా పదివేల మందికైనా ఒకటే ఖర్చు. కాని ప్రిసెప్టరు పక్కన ఒకరో ఇద్దరో తప్ప పట్టరు. రైలు డబ్బాలు ఎన్నయినా తగిలించవచ్చు గాని ఇంజను లాగగలిగినంతే గదా. కొన్ని బడులు తామే చోటు చూసి పెడతాయి. కొన్ని మాత్రం "మీ ప్రిసెప్టరును మీరే వెతుక్కోండి" అని విద్యార్థి మీద వదిలేస్తాయి. విద్యార్థి వెతకడంలో సాయపడవచ్చు గాని చివరి బాధ్యత బడిదేనని ప్రమాణాలు చూసే సంఘాలు అంటున్నవి. కాగితం మీద మాట ఒకటి, జరిగేది ఒకటి.

మా చెల్లెలి బడి రెండవ రకానిది. ఆమె నలభై అయిదు చోట్లకు ఉత్తరాలు వ్రాసింది. ముప్ఫై చోట్ల నుండి జవాబే లేదు. ఒకరు గంటకు ఇంత అని డబ్బు అడిగారు. చివరకు ఇంటికి గంటన్నర దూరంలో ఒక క్లినిక్కు దొరికింది. 2024 శరదృతువులో అక్కడ 120 గంటలు చేసింది. గత డిసెంబరు మొదటి ఆదివారం ఫోనులో ఆమె గొంతు బాగా లేదు.

"అన్నా, నా గంటలు అయిపోయినాయి. సంతకం కూడా చేసినారు. కాని నాకు ఏమీ రాలేదు" అన్నది.

ఏమిటని అడిగితే చెప్పింది. అక్కడి డాక్టరు మంచివాడే. కాని రోజుకు పాతికమంది పైన రోగులు. ఆయన గదిలోకి పోతే ఈమె వెనక పోవడం, ఆయన చూస్తుంటే గోడకు ఆనుకొని నిలబడడం, ఆయన బయటకు వస్తే వెంట రావడం. పిల్లవాడి చెవిలో చీము ఉన్నదా లేదా అని చూసే పరికరం ఆ 120 గంటల్లో ఒక్కసారి కూడా ఆమె చేతికి రాలేదు. బడి వారికి చెప్పుకొన్నది. గంటలు నిండినవి, ప్రిసెప్టరు బాగున్నదని వ్రాసి ఇచ్చాడు, ఇక మీ ఇష్టం అన్నారు. ఆ కోర్సుకు మళ్ళీ ఫీజు కట్టి, వేరొకచోట మొదటి నుండి చేస్తానని ఆమె అన్నది. అందుకు మరొక అర్ధ సంవత్సరం పడుతుంది. డిసెంబరులో చేతికి రావలసిన పట్టా మేలో వస్తుంది.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. మేము ఇంటి మీద పై అంతస్తు వేయాలని ఇనుప కడ్డీలు కొని మిద్దె మీద పెట్టాము. చెల్లెలు కొత్త ఉద్యోగంలో చేరగానే కొంత పంపుతానన్నది. ఆ ధైర్యంతోనే మేస్త్రీకి బయానా కూడా ఇచ్చాము. అందుచేత ఆమెతో ఇట్లా అన్నాము: "పిచ్చిదానా, సంతకం పడింది గదా. హాజరు నిండింది గదా. ఇంకెవరు అడుగుతారు? పరీక్ష ప్యాసయి ఉద్యోగంలో చేరు. పనిలో పడితే అదే వస్తుంది." పదమూడు ఏండ్లుగా మస్టరు రోళ్ళు, సంతకాలు చూస్తున్న మనిషిమి. సంతకం ఉంటే ఆ మనిషి పనికి వచ్చినట్టే, లేకపోతే రానట్టే. మా లోకమంతా ఆ రెండు గడుల్లోనే ఉన్నది. మేము కూడా ఆఫీసు వారు చేయమన్న పాఠాలు ఫోనులో పెట్టి, అది దాని మానాన మాట్లాడుతుంటే బిల్లులు వ్రాసుకొని, చివర వచ్చిన సర్టిఫికెట్టు ఫైలులో పెట్టినవాళ్ళమే.

మా నాయన పక్క గదిలో పడుకొని వింటున్నాడు. ఆయన రిటైరయిన రైలు డ్రైవరు. మీలో చాలామందికి తెలిసినవాడే. లేచి వచ్చి, ఫోను మా చేతిలోనుండి తీసుకోకుండానే, మమ్మల్ని అడిగాడు: "ఏమిరా, సంతకం బెడితే ఘాటు దిగుతాదేమిరా బండి?"

రైల్వే వారందరికీ ఆ మాట అర్థమవుతుంది. తక్కినవారి కోసం చెప్పాలి. కాజిల్ రాక్ నుండి కుళెం దాకా మన ఘాటు సెక్షను ఉన్నది గదా. 37 అడుగులు పోతే ఒక అడుగు దిగుతుంది. డ్రైవరు ట్రెయినింగు బడిలో రూల్సు పుస్తకమంతా కంఠస్థం చేసి ప్యాసయినా, ఆ సెక్షను మీద బండి అతని చేతికి ఇవ్వరు. తెలిసిన డ్రైవరు పక్కన ఇంజనులో నిలబడి దారి నేర్చుకోవాలి. పగలూ పోవాలి, రాత్రీ పోవాలి. ఏ సొరంగం దాటగానే ఏ సిగ్నలు వస్తుంది, వానలో పట్టా ఎక్కడ జారుతుంది, ఎక్కడ బ్రేకు అందుకోవాలి, అన్నీ కళ్ళకూ చేతికీ పట్టాలి. మూడు నెలలకు పైగా ఆ దారిన పోకపోతే మళ్ళీ నేర్చుకొనే పోవాలి. చివరకు ఒక కాగితం మీద సంతకం ఉంటుంది. అది నేర్పినవాని సంతకం కాదు. నేర్చుకొన్న డ్రైవరు తనే, "ఈ దారి నాకు తెలిసింది" అని చేసే సంతకం.

మా నాయన చెప్పినది ఇంతే: "బ్రేకు యాడ పట్టాల్నో పుస్తకం చెప్తాది. ఎంత పట్టాల్నో చెయ్యికి తెలియాల. నాకు తెలియలేదు అని ఆ పిల్ల చెప్తాంటే, తెలిసిందని సంతకం పెట్టమంటావా? ఎనక పెట్టెల్లో జనం ఉండారు." తరువాత చెల్లెలితో, "నువ్వు మళ్ళా నేర్చుకో తల్లీ, ఇల్లు యాడికీ పోదు" అని వెళ్ళి పడుకొన్నాడు. మేము ఫోను పట్టుకొని చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాము. కడ్డీలు ఇప్పటికీ మిద్దె మీదనే ఉన్నవి. కొంచెం తుప్పు కూడా పట్టినవి.

జనవరిలో ఆమెకు మరొక చోట ఒక పెద్దావిడ దొరికింది. ఇరవై ఏండ్లకు పైగా నర్సు ప్రాక్టీషనరుగా ఉన్న మనిషి. ఆమె పద్ధతి వేరు. ముందు మా చెల్లెలే గదిలోకి పోవాలి. అడగాలి, చూడాలి, బయటకు వచ్చి "నాకు ఇది అనిపిస్తున్నది, ఎందుకంటే ఇది" అని చెప్పాలి. అప్పుడు పెద్దావిడ లోపలికి పోయి తాను చూస్తుంది.

ఫిబ్రవరిలో జరిగినది ఒకటి చెల్లెలు చెప్పింది. ఒక నడివయసు ఆమె రెండు నెలలుగా పొడి దగ్గు అని వచ్చింది. జ్వరం లేదు, కఫం లేదు, గుండె ఊపిరి చప్పుడు బాగానే ఉన్నవి. చెల్లెలు బయటకు వచ్చి, ఎక్స్‌రే తీయిద్దాము, దగ్గు మందు ఇద్దాము అన్నది. పెద్దావిడ ఒకే ప్రశ్న అడిగింది: "ఆమె ఏ మాత్రలు వేసుకొంటున్నది?" చెల్లెలు కాగితం చూసింది. రక్తపోటుకు లిసినోప్రిల్ అనే మాత్ర, మూడు నెలల క్రితం మొదలుపెట్టినది. ఆ జాతి మాత్రలు కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయి. ఆ సంగతి చెల్లెలికి తెలుసు. కంప్యూటరులో పాఠం విన్నది, పరీక్షలో ఆ ప్రశ్నకు సరియైన జవాబు గుర్తుపెట్టింది. కాని ఎదుట మనిషి కూర్చొని దగ్గుతున్నప్పుడు అది గుర్తుకు రాలేదు. మాత్ర మార్చారు. కొన్ని వారాలకు దగ్గు పోయింది. "అన్నా, ఇప్పుడు దగ్గు అని ఎవరొచ్చినా నా చెయ్యి ముందు మందుల కాగితం మీదికే పోతుంది" అన్నది. ఇంట్లో విన్న పాఠం వృథా కాలేదు. ఆ పాఠం లేకపోతే పెద్దావిడ ప్రశ్న అర్థమే అయ్యేది కాదు. కాని పెద్దావిడ అడగకపోతే ఆ పాఠం లోపలనే పడి ఉండేది.

చివరి పరీక్ష ఉన్నది గదా, రానివారు అందులో ఆగిపోరా అని మీరు అడగవచ్చును. మేమూ అట్లాగే అనుకొన్నాము. ఆ పరీక్ష కంప్యూటరు మీద ప్రశ్నలకు జవాబులు గుర్తుపెట్టేది. ఎవరి చేయి తిరిగినదో అది చూడలేదు. 2023 జనవరిలో ఫ్లారిడాలో బయటపడిన సంగతి చూడండి. అది ఈ పై చదువు కాదు, మామూలు నర్సు చదువే. మూడు బడుల నుండి 7,600కు పైగా దొంగ డిప్లొమాలు అమ్ముడుపోయినవి. 25 మంది మీద కేసు పెట్టారు. ఆ డిప్లొమాలు కొన్నవారిలో సుమారు 2,400 మంది లైసెన్సు పరీక్ష ప్యాసయినారని అధికారులు చెప్పారు. పుస్తకాలు చదివి పరీక్ష ప్యాసయి ఉండవచ్చు. రోగి దగ్గర గడపవలసిన గంటలు మాత్రం గడపలేదు. మా చెల్లెలి బడి అటువంటిది కాదు, గుర్తింపు గలదే. అయినా దొంగ కాగితం, నిజమైన కాగితం వెనక ఖాళీ గంటలు, ఈ రెంటిలోనూ రోగికి కలిగే నష్టం ఒకటే.

మన దేశంలో ఈ చదువులు ఎట్లా ఉన్నవో ఒక్క మాట. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1994లోనే ఉద్యోగంలో ఉన్న డిప్లొమా నర్సుల కోసం దూరవిద్యలో బి.ఎస్‌సి. నర్సింగు పెట్టింది. దానిలో కూడా సెంటరుకు వచ్చి ప్రాక్టికలు చేయక తప్పదు. పోయిన దశాబ్దంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వారు తీవ్ర చికిత్స విభాగానికి నర్సు ప్రాక్టీషనరు చదువు తెచ్చారు. అది రెండేండ్లు ఆస్పత్రిలోనే పనిచేస్తూ చదివేది. తెలంగాణలో 2017లో కరీంనగరు ప్రభుత్వాసుపత్రిలో, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ వారి సాయంతో నర్సులకు మంత్రసాని శిక్షణ మొదలైంది. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ అటువంటి 18 నెలల శిక్షణకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవన్నీ పక్కన మనిషి ఉండి నేర్పే పద్ధతులే. కాబట్టి ఎవరైనా ఏజెంటు వచ్చి, ఆస్పత్రి గడప తొక్కకుండా ఫోనులోనే నర్సును చేస్తామంటే, ఆ మనిషికి మజ్జిగ ఇచ్చి పంపించండి, డబ్బు మాత్రం ఇవ్వకండి.

ఇక మా ఆ రోజు జవాబును దిద్దుకొంటాము. ఆ దంపతులు ఈ సభలోనే ఉన్నారు. అమ్మా, అయ్యా, మీ అమ్మాయి చేత బడి వారిని ఈ ప్రశ్నలు అడిగించండి, జవాబులు కాగితం మీద తెప్పించుకోండి.

మొదటిది, ప్రిసెప్టరును చూసిపెట్టేది మీరా, మేమా? మేము వెతికినా దొరకకపోతే మీరేమి చేస్తారు? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే అక్కడే ఆగిపోవచ్చును. రెండవది, రోగుల దగ్గర ఎన్ని గంటలు? ఏ ఏ వయసుల రోగులు? పిల్లలు, గర్భిణులు, వృద్ధులు అందరూ ఉంటారా? మూడవది, మా అమ్మాయి పని చేస్తుండగా బడి తరఫున ఎవరైనా వచ్చి చూస్తారా, లేక పంపిన కాగితమే చూస్తారా? నాలుగవది, బడికి స్వయంగా రప్పించుకొని, చేతితో పరీక్షించడం చూసే రోజులు ఉన్నవా? అయిదవది, ప్రిసెప్టరు సరిగా నేర్పడం లేదని విద్యార్థి చెపితే చోటు మారుస్తారా? ఆ ఖర్చు ఎవరిది? ఆరవది, మా రాష్ట్రంలో ఉండి ఈ బడిలో చదివితే అక్కడి లైసెన్సు వస్తుందా? రాష్ట్రానికొక చట్టం గనుక ఇది తప్పక అడగాలి. బడికి గుర్తింపు ఉన్నదా అన్నది వీటన్నిటికంటే ముందు చూసుకోవలసినదే. మేము ఆ రోజు అక్కడితో ఆగిపోయాము, అదే మా పొరపాటు.

తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు కూడా ఒక మనవి. దూరాన చదివే ఆడపిల్ల ఫోనులో "గంటలు అయిపోయినవి, కాని నాకు రాలేదు" అంటే, దాన్ని బద్ధకమనుకోకండి, భయమనుకోకండి. నిజం చెప్పుకొనే చోటు ఆమెకు మన ఇల్లే. ఇంటి అప్పు, చెల్లెలి పెండ్లి, మిద్దె మీద కడ్డీలు, ఇవి ఆమె నోటికి తాళం వేయకూడదు. మేము వేయబోయాము. మా నాయన అడ్డుపడ్డాడు.

మన తాతలు గుంతకల్లు వైపు నుండి ఈ ఊరి వర్కుషాపుకు వచ్చినప్పుడు వారికి సర్టిఫికెట్లు లేవు. పక్కన నిలబడి నేర్చుకొన్న పని ఉన్నది. మన పిల్లలకు సర్టిఫికెట్లు వచ్చినవి, అది మనకు గర్వకారణమే. తాతలకున్న ఆ రెండవది కూడా పోకుండా చూసుకోవాలి.

మా చెల్లెలి చదువు మేలో ముగుస్తుంది. పరీక్షకు కూర్చొంటుంది. ప్యాసవుతుందని మీ అందరి ఆశీర్వాదం కోరుతున్నాము. ఆమె మొదటి రోగిని తానే చూసిన రోజున మా నాయన మళ్ళీ పక్క గదిలోనుండి వింటూనే ఉంటాడు. ఆయనకు ఏ సంతకమూ చూపించనవసరం లేదు, ఆమె గొంతు వింటే తెలిసిపోతుంది.

 ఈ విశ్వావసు సంవత్సరం మన కుటుంబాలన్నిటికీ, మనకు అన్నం పెట్టిన ఈ కన్నడ నేలకూ శుభం చేకూర్చుగాక.